అద్దంలో అరచేయి

మా బావ చేతిలో కత్తెర పని మధ్యలో ఆగిందంటే రెండే కారణాలు. కరెంటన్నా పోయి ఉండాలి, టీవీలో అరచేయి అన్నా లేచి ఉండాలి. మొదటిదైతే బావ కరెంటు వాళ్ళను నోరారా తిడతాడు. రెండోదైతే ఊపిరి కూడా తీసుకోడు. కుర్చీలో కూర్చున్నవాడు ముక్కు మీద పడ్డ వెంట్రుకతో దురద పుట్టి చస్తున్నా సరే, బావ ఉలకడు, పలకడు.

మాది రెండు కుర్చీల కటింగ్ షాపు. లోపలి కుర్చీ బావది, తలుపు పక్క కుర్చీ నాది. ఆయన మా అక్క మొగుడు. బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అంటారు. నేను బావ బతుకే కోరాను. కాకపోతే ఆ నోటికి రోజులో కాసేపైనా తాళం పడాలని కూడా కోరుకున్నాను, ఎందుకంటే బావ మాట్లాడటం మొదలుపెడితే గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాడికి మళ్ళీ గడ్డం మొలిచేది. నా మొర ఎవరు ఆలకించారో గానీ, చివరికి ఆ తాళం వేసింది ఒక బొమ్మల సీరియల్.

ముందు షాపు ఎలా ఉంటుందో చెప్పాలి, తిప్పలన్నీ అక్కడే పుట్టాయి. ఒక గోడ నిండా అద్దం. అద్దం ముందు రెండు తిరిగే కుర్చీలు. వెనక గోడకు ఆనించి, వంతు కోసం కూర్చునేవాళ్ళకు ఒక పొడుగాటి బల్ల. ఆ బల్లకు పైన, గోడకు టీవీ. కుర్చీలో కూర్చున్నవాడికి టీవీ వీపు వెనక ఉంటుంది, బల్ల మీద కూర్చున్నవాడికి నెత్తిపైన ఉంటుంది. కాబట్టి ఎవరైనా సరే అద్దంలోనే చూడాలి. గడియారమూ వెనక గోడకే. తిరగబడ్డ ముళ్ళను చూసి టైం చెప్పడం మాకు వెన్నతో పెట్టిన విద్య. షాపులోకి ఎవరొచ్చినా అద్దంలో చూసే పలకరిస్తాం, మనిషి వైపు తిరగం. మా ఇద్దరికీ లోకమంతా ఆ అద్దంలోనే ఉంది.

ఇక బావ సంగతి. ఆయనది పుట్టుకతో పుర్రచేతి వాటం. దాన్ని మాన్పించడానికి అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ, చేయని పని లేదు. పాత చీర అంచు చించి ఆ ఎడమచేతిని నడుముకు కట్టేసి కూర్చోబెట్టేదట. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కొడుకు నలుగురిలో నవ్వులపాలు కాకూడదనే అలా చేసింది. ఆ చేయి చివరికి దారికొచ్చింది. కత్తెర, దువ్వెన, గడ్డం కత్తి, అన్నీ బావ కుడిచేత్తోనే నేర్చుకున్నాడు. చక్కగానే చేస్తాడు. కానీ పక్కన నిలబడి పనిచేసేవాణ్ణి, నా కళ్ళు కప్పగలడా? దువ్వెన జారితే నేలకు తగలకముందే అందుకునేది ఎడమచేయి. ఈగను కొట్టేది ఎడమచేయి. చంటిపిల్లాడు కుర్చీలోంచి జారబోతే చటుక్కున అడ్డం వెళ్ళేదీ అదే. ఆలోచించి చేసే పనులు కుడిచేతివి, ఆలోచన లేకుండా జరిగిపోయే పనులు ఎడమచేతివి.

కూతురికీ అదే వాటం వచ్చింది. పుట్టినప్పుడు మరీ పిసరంత ఉందని దాన్ని అందరం గింజ అన్నాం, అదే స్థిరపడిపోయింది. అక్క బట్టల ఫ్యాక్టరీ నుంచి తిరిగొచ్చేదాకా గింజ మా షాపులోనే, బల్ల చివర కాళ్ళూపుకుంటూ కూర్చునేది. అత్తయ్య ఇప్పుడు కట్టేయడం మానేసింది గానీ, మనవరాలు ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకుంటే మణికట్టు మీద ఒక దెబ్బా ఒక చీవాటూ తప్పేవి కావు. బళ్ళో టీచరు ఆవిడకు తోడబుట్టినట్టే ఉండేది. కుడిచేత్తో రాస్తే కోడి గెలికినట్టు వచ్చేది, అది చూసి పక్కపిల్లలు నవ్వేవారు. పోనుపోను ఆ పిల్ల ఎడమచేతిని గౌను వెనక దాచుకుని తిరగడం మొదలుపెట్టింది. చాక్లెట్ ఇచ్చినా ఆ చేయి బయటికి వచ్చేది కాదు. నేను అద్దంలో ఆ చేతికేసే చూసేవాణ్ణి. బావ అయితే అటు చూసేవాడు కాదు, ఇంకాస్త గట్టిగా కబుర్లు చెప్పేవాడు.

అలాంటి రోజుల్లో టీవీలో ‘అరచేయి’ మొదలైంది. సాయంత్రం ఆరింటికి. మొదటిరోజు నేను ఛానెల్ మార్చేద్దామని రిమోట్ కోసం వెతికాను. గడ్డాలూ మీసాలూ ఉన్నవాళ్ళు కూర్చునే చోట బొమ్మలాటేమిటని నా చిరాకు. రిమోట్ గింజ కిందే ఉంది, అది లేవనంది.

కథ చెబుతాను. ఒక బడిపిల్ల ఉంటుంది, రోజూ ఆలస్యంగా వెళ్ళి క్లాసు బయట నిలబడే రకం. ఆ పిల్ల ముఖానికి ముసుగు కట్టుకుని, ఊపిరి బిగబట్టి అరచేయి ఎత్తిందంటే ఎదురుగా కదిలేది ఏదైనా ఆగిపోతుంది. లారీ ఆగుతుంది, సుడిగాలి ఆగుతుంది, దూసుకొచ్చే గుండు గాల్లో నిలబడిపోతుంది. అయితే ఊపిరి నిలిచినంతసేపే. ఊపిరి వదిలినా, చేయి దించినా అన్నీ మళ్ళీ కదులుతాయి. ఇంకో తిరకాసేమిటంటే ఆ శక్తి పరుల కోసమే, సొంతానికి పనికిరాదు. లోకంలో అన్నిటినీ ఆపగల పిల్ల, తనను వదిలేసి పోయే బడిబస్సును మాత్రం ఆపలేదు, రోజూ దాని వెనక పరుగే. విలన్ పేరు జోరుదొర. వాడికి అన్నీ తొందరగా అయిపోవాలి, పిల్లల ఆట గంట కూడా. వాడు నవ్వితే గడియారాలు పరిగెడతాయి.

ఆ మొదటిరోజు బ్రేకులు లేని లారీ ఒకటి పల్లం రోడ్డు మీద సంత వైపు దొర్లుకుంటూ వచ్చింది. ముసుగు పిల్ల దానికి ఎదురెళ్ళి నిలబడింది. బుగ్గలు పూరించి ఊపిరి పట్టింది. అద్దంలో ఆ చేయి లేచింది, అది ఎడమచేయి.

బావ మాట మధ్యలో తెగిపోయింది. కత్తెర గాల్లో ఆగింది. నేను వద్దనుకుంటూనే ఊపిరి పట్టాను, నా కుర్చీలో నురగ ముఖంతో ఉన్న ఆసామీ కూడా పట్టాడు. టీవీలో సంత జనమంతా పక్కకు తప్పుకున్నాక ఆ పిల్ల ఉఫ్‌మని వదిలింది, మేమందరం ఉఫ్‌మన్నాం, నురగ అద్దమంతా చిమ్మింది. అద్దం తుడవబోయి చూస్తే, అద్దంలో గింజ కనిపించింది. బల్ల మీద లేచి నిలబడి ఉంది. ఎడమచేయి గౌను వెనక్కాల లేదు, అందరికీ కనిపించేలా గాల్లో ఉంది. ఆ ముఖంలో వెలుగు చూసి, ఛానెల్ మార్చాలన్న నా ఉద్దేశం అక్కడే చచ్చింది.

అప్పటి నుంచి షాపు షాపులా లేదు. ఆరు కొట్టేసరికి బల్ల మీద చోటుండేది కాదు. లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు, తల అరచేతిలాగే నున్నగా ఉంటుంది, ఆయన వారం వారం కటింగుకని వచ్చేవారు. ఏం కత్తిరించమంటారు మాస్టారూ అంటే, చెవుల దగ్గర చూడవయ్యా అనేవారు. చెవుల మీద రెండు వెంట్రుకలుంటే వాటిని ఆరింటి నుంచి ఆరున్నర దాకా కత్తిరించాలి. మిగతా వీరులు ఎగురుతారు, గుద్దుతారు, నిప్పులు కక్కుతారు, మనం నోరు తెరుచుకుని చూడాలంతే. ఈ పిల్లతో పాటు మాత్రం మనమూ ఊపిరి పట్టొచ్చు. ఏదో ఒక చేయి సాయం చేసినట్టు ఉంటుంది. ముసలాళ్ళు, మోటార్ మెకానిక్కులు, ఇంట్లో పెళ్ళాంతో పోట్లాడి వచ్చినవాళ్ళు, అందరూ బుగ్గలు పూరించుకుని కూర్చునేవారు. ఎవరు ఊపిరి ముందు వదిలితే వాళ్ళను మిగతావాళ్ళు కోపంగా చూసేవారు, లారీ వాళ్ళ వల్లే కదిలిందన్నట్టు. నేనూ చూశాను, దాచడమెందుకు.

బడిపిల్లలకు ఏ చేయైనా చేయే, ఆటలో ఏది దొరికితే అది ఎత్తేవారు. కుడో ఎడమో పట్టించుకునే బాధ ఎడమచేతి వాళ్ళదే. గింజ ఒక్కటే ఆ సంగతి గుండెల్లో పెట్టుకుంది. దాని పక్కన ఇంకొకరు, నేను పేరు పెట్టి చెప్పక్కర్లేదు, దువ్వెన ఎడమచేతిలోకి మార్చుకుని అద్దంలో చూసుకుని మళ్ళీ కుడిచేతిలోకి మార్చుకునేవాడు.

ఒకరోజు గింజ ఇంట్లో ఎడమచేత్తో దర్జాగా హోంవర్కు రాస్తోందట. అత్తయ్య చూసి చేయి లేపింది. గింజ పెన్సిల్ పడేసి, బుగ్గలు పూరించి, నాయనమ్మకు ఎదురుగా ఎడమ అరచేయి ఎత్తింది. అత్తయ్య చేయి నిజంగానే గాల్లో ఆగిపోయిందని అక్క చెప్పింది. శక్తి వల్ల కాదులెండి, ఆశ్చర్యం వల్ల. ఆ తరువాత మాత్రం ఇల్లు ఎగిరిపోయింది. పాడు టీవీ పిల్లను చెడగొట్టిందని అత్తయ్య రంకెలు వేసింది. బావ జన్మలో తల్లికి ఎదురు చెప్పినవాడు కాదు. ఆరోజు చెప్పాడు.

“లోకాన్ని కాపాడే పిల్లే ఆ చేత్తో కాపాడుతోందమ్మా. నా కూతురు దాంతో నాలుగు అక్షరాలు రాసుకుంటే ఏం పోయింది?”

అత్తయ్య తక్కువ తిన్న మనిషి కాదు. బొమ్మలు గీసేవాళ్ళకు మాత్రం బుద్ధుండదా, పుర్రచేతి పిల్లను చూపిస్తారా, నా కళ్ళతో చూస్తేగానీ నమ్మనంది. ఎడమచేయే అయితే ఇక నోరెత్తనంది. కాకపోతే మాత్రం సోమవారం నుంచి కుడిచేయే, ఎవరూ అడ్డు రాకూడదంది. బావ ఛాతీ విరుచుకుని సరేనన్నాడు. గింజ కూడా సరేనంది. ఇంట్లో టీవీ లేదు, మగాళ్ళ షాపుకు ఆవిడ రాదు, కానీ చూసే అవకాశం దగ్గర్లోనే ఉంది. టీవీ వాళ్ళు చివరి భాగాన్ని ఆ ఆదివారం పొద్దున సినిమా హాల్లో పెద్ద తెర మీద వేస్తున్నారు, పిల్లలకూ వెంట వచ్చేవాళ్ళకూ ఉచితం.

ఆ వారమంతా పెళ్ళివారి హడావుడే. వీధిలో ఎవరిని చూసినా అదే మాట. జోరుదొర ఆనకట్ట గేట్లు పేల్చేశాడు, ముసుగు పిల్ల నీళ్ళకు ఎదురుగా నిలబడింది, అక్కడ ఆపేశారు దుర్మార్గులు. ఊరంతా వంతెన దాటేదాకా ఒక్క ఊపిరి సరిపోతుందా సరిపోదా అని షాపులో రెండు పార్టీలయ్యాయి. నేను సరిపోదనే పార్టీ. గింజ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

శనివారం లెక్కల మాస్టారు వేళ కాని వేళ, మధ్యాహ్నం వచ్చారు. జ్వరం తగిలి వారం రోజులుగా ఇంట్లోనే ఉన్నారట. కుర్చీలో కూలబడి, మా ఇంట్లో టీవీ పాడైందయ్యా అన్నారు. బొమ్మ తిరగబడి వస్తోంది, ఆ పిల్ల కుడిచేయి ఎత్తుతోంది, మెకానిక్కును పిలిచి చెబితే నన్ను పైనుంచి కిందిదాకా చూసి, రెస్ట్ తీసుకోండి మాస్టారూ అని వెళ్ళిపోయాడు, చూడు ఎంత పొగరో అన్నారు.

నేను నవ్వాను. నవ్వుతూనే అద్దంలో టీవీ వైపు చూశాను. ఆ ఆనకట్ట భాగాన్నే మళ్ళీ వేస్తున్నారు. ‘అరచేయి’ అని పేరు పడింది, అక్షరాలు ఎప్పటిలాగే తిరగబడి ఉన్నాయి. ఎప్పటిలాగే! బావ కూడా అటే చూస్తున్నాడు. ఇద్దరం మెల్లగా, ఆ షాపు తెరిచాక మొదటిసారి, అద్దానికి వీపు పెట్టి వెనక్కి తిరిగాం. టీవీలో ముసుగు పిల్ల నీళ్ళకు ఎదురుగా నిలబడి ఉంది. ఎత్తి ఉన్నది కుడిచేయి.

అద్దంలో ఎడమ కుడి అవుతుందని ఎవరికి తెలిసినా తెలియకపోయినా మాకు తెలియాలి కదా? పాపిడి ఏ వైపు అని రోజూ అద్దంలో అడిగి, తలమీద సరిగ్గా తీసే మనుషులం. తల దగ్గర తెలిసిన సంగతి టీవీ దగ్గర తెలియలేదు. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు, మా ఇద్దరి తల తన్నేంత వెర్రివాడు మాత్రం లోకంలో ఉండడు. మాస్టారు ఒక్కరే తేలికపడ్డారు, తన టీవీ బాగానే ఉందని.

బావ బల్ల మీద కూర్చుండిపోయాడు. పిల్లకు అరచేతిలో వైకుంఠం చూపించానురా అన్నాడు. తెర మీద కుడిచేయి లేవగానే అమ్మ గెలుస్తుంది, గింజ చేయి మళ్ళీ గౌను వెనక్కి పోతుంది, ఈసారి పోతే ఇక బయటికి రాదు, నాది వచ్చిందా అన్నాడు.

ఆదివారం వెళ్ళకుండా ఆపే ఉపాయాలన్నీ ఆలోచించాం. కడుపునొప్పి అంటే గింజకు రావాలి, మాకు వస్తే లాభం లేదు. టికెట్లు దొరకలేదందామంటే అవి ఉచితం. చివరికి బావ సొరుగులోంచి చేతి అద్దం తీశాడు, కటింగ్ అయ్యాక తల వెనక భాగం చూపించేది. దీన్ని పట్టుకెళదాం, పిల్లను తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టి ఇందులో చూపిద్దాం అన్నాడు. నీకు మతి గానీ పోయిందా బావా, మరి మీ అమ్మను ఎటు తిప్పి కూర్చోబెడతావు అన్నాను. అయినా వినలేదు, అద్దాన్ని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

హాలు కిటకిటలాడిపోయింది. ముసుగులు కట్టుకున్న పిల్లలు, వాళ్ళను పట్టుకోలేక అరిచే తల్లులు, పిల్లలు లేకపోయినా ఎదురింటి పిల్లల చేయి పట్టుకుని వచ్చిన పెద్దమనుషులు. మాస్టారు ముందు వరసలో ఉన్నారు. మా వరసలో చివర నేను, పక్కన బావ, తరువాత గింజ, అత్తయ్య, అక్క. గింజ సీటు అంచున కూర్చుని ఎగురుతోంది. అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని, ఏదీ చూద్దాం అని సర్దుకుంది. బావ ఒళ్ళో సంచి, సంచిలో చేయి.

దీపాలు ఆరాయి. పేరు పడింది. అక్షరాలు తిన్నగా ఉన్నాయి, అంత పెద్దవి, నాకు వింతగా కనిపించాయి. ఆనకట్ట, విరుచుకుపడే నీళ్ళు, ఎదురుగా చీమంత పిల్ల. హాలంతా ఒక్కసారి గాలి పీల్చిన చప్పుడైంది. ముసుగు పిల్ల కుడిచేయి ఎత్తింది.

“అది కుడిచెయ్యేగా,” అంది అత్తయ్య.

గట్టిగా కూడా అనలేదు. గింజ కదలడం ఆపేసింది. తెరను చూసింది, తన చేతిని చూసుకుంది, మళ్ళీ తెరను చూసింది. ఆ చేయి మెల్లగా గౌను వెనక్కి వెళ్ళిపోయింది. బావ తువ్వాలు విప్పి అద్దం బయటికి తీశాడు. గింజ దానికేసి చూసింది. అది పిసరంత పిల్లే గానీ బుర్ర చురుకు, ఏం జరిగిందో ఆ ఒక్క చూపులో అర్థమైపోయింది.

“వద్దు నాన్నా. వెనకవాళ్ళకు అడ్డం వస్తుంది,” అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ సీరియల్ తీసినవాళ్ళను, కుడిచేతిని, మా షాపు గోడను, టీవీ అక్కడ బిగించినవాణ్ణి వరసగా తిట్టుకున్నాను. టీవీ బిగించింది నేనే అని గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది.

కానీ కథ ఎవరి కోసమూ ఆగదు కదా. తెర మీద జనం వంతెన దాటుతున్నారు. ముసలాళ్ళు, పశువులు, మంచంతో సహా ఒక రోగిని మోసుకెళ్ళేవాళ్ళు. ముసుగు పిల్ల ముఖం ఎర్రబడింది. ఇంకా బడిపిల్లలు దాటాలి, ఆ పిల్లను రోజూ వదిలేసి పోయే బడిబస్సు ఆఖర్న ఉంది. జోరుదొర వంతెన చివర నిలబడి నవ్వుతున్నాడు. హాల్లో ఒక్క చప్పుడు లేదు, ఎవరికి వాళ్ళు బుగ్గలు పూరించి ఉన్నారు. నేను సరిపోదనే పార్టీ అన్న సంగతి మరిచిపోయాను. అత్తయ్య వైపు చూస్తే ఆవిడ కూడా ఊపిరి బిగబట్టి, చీర కొంగు పిడికిట్లో పట్టుకుని, ముందు సీటు మీదికి ఒరిగిపోయింది.

అంతలో ఆ పిల్ల చేయి బరువెక్కింది. మోచేయి వంగింది. నీళ్ళు ఒక మెట్టు ముందుకు దూకాయి. చేయి ఇంకా జారింది. బస్సులో పిల్లలు కిటికీలకు ముఖాలు ఆనించి చూస్తున్నారు. హాల్లో చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు. అత్తయ్య ఒక్క ఉదుటున లేచి నిలబడింది.

“ఆ రెండో చేయి ఉందిగా, అది ఎత్తవే!”

హాలంతా వినబడింది. ఆవిడ అరుపు విన్నట్టే, తెర మీద ముసుగు పిల్ల ఎడమచేయి పైకి వచ్చింది. వచ్చి, జారిపోతున్న కుడిచేతి మణికట్టును గట్టిగా పట్టుకుని పైకి నిలబెట్టింది. నీళ్ళు నిలువుగోడలా ఆగాయి. బస్సు వంతెన దాటింది. అప్పుడు లేచిన కేకలకు హాలు కప్పు ఎగిరిపోలేదంటే కట్టినవాణ్ణి మెచ్చుకోవాలి. నేను ఎవరినో కావలించుకున్నాను, ఇప్పటికీ ఎవరో తెలియదు.

మా వరస వైపు తిరిగి చూస్తే గింజ సీటు మీద నిలబడి ఉంది. ఎడమచేయి పైన ఉంది. దాని పక్కన బావ. ఆయన చేయి కూడా పైన ఉంది, అరచేయి తెర వైపు తెరిచి ఉంది, ఎత్తినట్టు ఆయనకే తెలియదు. అది ఏ చేయో నేను చెప్పాలా?

“చూశారా, నేను చెబితేగానీ తెలియలేదు దానికి,” అని అత్తయ్య గర్వంగా కూర్చుంది.

“నువ్వు ఎత్తమన్నది ఎడమచేయి, నాయనమ్మా,” అంది గింజ.

అత్తయ్య గింజ చేతికేసి చూసింది. తరువాత బావ చేతికేసి చూసింది, అది ఇంకా దిగలేదు. దీపాలు వెలిగి జనం లేచి పోతున్నా ఆవిడ అలా చూస్తూనే ఉంది.

“చిన్నప్పుడు మరీ గట్టిగా కట్టానేంట్రా?” అని అడిగింది.

బావ తల అడ్డంగా ఊపాడు, అబద్ధం. ఆవిడకూ అబద్ధమని తెలుసు. బయటికి వచ్చాక రోడ్డు దాటడానికి మనవరాలి చేయి పట్టుకుంది. గింజ అలవాటుగా కుడిచేయి ఇవ్వబోతే, కాదని రెండోది అందుకుంది. సోమవారం సంగతి ఎవరూ ఎత్తలేదు.

దారిలో నేను ఉండబట్టలేక, రేపే టీవీని పక్కగోడకు మార్చేస్తాను, తిన్నగా చూద్దాం అన్నాను. గింజ ఒప్పుకోలేదు. అక్కడ కుడిచేత్తో ఆపుతుంది, మన షాపులో ఎడమచేత్తో ఆపుతుంది, రెండూ ఉండనీ మామయ్యా అంది. నాకంటే బుర్రున్న పిల్లతో వాదించడం నాకు చేతకాదు, టీవీ అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున షాపు తెరిచాక బావ నన్ను తన కుర్చీలో కూర్చోమన్నాడు. నా గడ్డం పెరగలేదంటే వినలేదు. నురగ పూశాడు, కత్తికి కొత్త బ్లేడు వేశాడు, కుడిచేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. తరువాత దాన్ని ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. బావమరిది బతక కోరతాడన్నాను గానీ, బావ ఏం కోరతాడో సామెతలో లేదని అప్పుడు గుర్తొచ్చింది. నేను ఊపిరి బిగబట్టాను. కత్తి నా చెంప మీద ఆనింది. మెల్లగా, వెన్న మీద నడిచినట్టు కిందికి దిగింది. ఒక్క గాటు లేదు.

అలవాటు కొద్దీ అద్దంలో చూశాను. అద్దంలో బావ కుడిచేత్తో గీస్తున్నాడు. ఇన్నేళ్ళూ పక్కన నిలబడి చూసిన బావే. నాకది నచ్చలేదు. అద్దాన్ని వదిలేసి, ఆయన వైపే తల తిప్పి చూశాను. ఎడమచేత్తో పనిచేస్తున్న మా బావ కళ్ళు తళతళలాడుతున్నాయి.

“కదలకురా, తెగుతుంది,” అన్నాడు.